ఖాళీ జాగ

ఒక దిక్కు గొంతు బొంగురు పోయిందన్నా, అన్నడు ఎల్లేషు,
ఆంప్లిఫయర్‌ను తువ్వాల్ల చుట్టుకొచ్చి.
జుమ్మేరాత్ బజార్ల కొన్నడట, పన్నెండు వందలకు,
పాత ఇండికా డిక్కీల బిగించుకున్నడట.
ఎడమ స్పీకరు మంచిగనే పాడుతది.
కుడిది పాడబోయి దగ్గుతది.

కోఠి, గుజరాతీ గల్లీ, మూడో అంతస్తు.
దుకాణమంటే ఒక బల్ల, ఒక బల్బు,
కింది బండి మీద కాగే మిర్చీల ఘాటు.
ఎనిమిది స్క్రూలు విప్పిన.
లోపల దుమ్ము, ఎండిపోయిన సాలెపురుగు.
బోర్డు మీద మూడు ఖాళీ జాగలు.

తొందరపడద్దు.
ఖాళీలన్నీ ఒక్క జాతివి కావు.
ఈ రెండిట్ల టంకం నున్నగ మెరుస్తున్నది,
ఏ కాలూ దిగని టంకం.
కంపెనీ వాళ్లే వదిలేసిన్రు,
గీత గీసిన్రు, పేరు రాసిన్రు, ఎవర్నీ కూసోబెట్టలే.
అవి లేకుండనే ఇది పుట్టింది,
అవి లేకుండనే ఇన్నేండ్లు మోగింది.

మూడోది అట్ల కాదు.
ఆర్ రెండు వందల పద్నాలుగు.
రంధ్రంల తెగిన కాలు ముక్క,
చుట్టూ శనగగింజంత మాడిన మచ్చ.
ఇక్కడ ఒకటుండె. ఎవరో పీకిన్రు.

ఏముండెనో ఎట్ల తెలుస్తది?
నక్ష లేదు. కంపెనీ పేరు ఎన్నడూ వినలే.
కానీ కుడి దిక్కు మర్చిపోయింది
ఎడమ దిక్కు యాది పెట్టుకుంటది.
ఆర్ నూట పద్నాలుగు:
సుద్దముక్క లసొంటి తెల్ల సిమెంటు రెసిస్టర్,
వేడికి పసుపెక్కి రాత మాసిపోయింది.
మీటరును నమ్మరాదు,
దీని అడ్డం కన్నా మీటరు తీగల అడ్డమే ఎక్కువ.
స్పిరిట్ తోని తుడిచిన, ఫోను లైటు పక్కకు వాల్చిన.
ఒక్కొక్క అక్షరం లేచి కూసున్నది.
ఐదు వాట్లు. సున్నా పాయింట్ రెండు రెండు ఓములు.

అంటే దాదాపు ఏమీ లేనంత.
అంత చిన్నది లేకపోతేనే
అల సగం తెగిపోతది,
స్పీకరును వెనక్కి గుంజే చెయ్యి ఉంటది,
ముందుకు నెట్టే చెయ్యి ఉండదు.

దొరికిందనుకున్న.
స్క్రూలు అండ్ల పోద్దామని మూత బోర్లేసిన.
లోపల స్కెచ్ పెన్నుతోని ముప్పై ఒకటి.
మూడుకు తోక ఎక్కువ.

ఆ తోక నాది.

బోనాల రాత్రి. లాల్‌దర్వాజ దిక్కు పోయే డీజే బండి
గల్లీ మొగదాల మూగబోయింది.
దుకాన్లన్నీ బంద్. మోయిజ్ ఉస్తాద్
బీపీ గోలీ మింగి ఇంటికి పోయిండు.
నాకు పద్దెనిమిదేండ్లు.
పోతరాజు కొరడా భుజానేసుకొని
మెట్ల మీద కూసొని చాయ్ తాగుతున్నడు,
అయితదా కాదా అని నన్నే చూసుకుంట.
అటక మీద ఎవరూ తీస్కపోని సెట్లుండె.
ముప్పై ఒకటి దించిన. తెల్ల ముక్కను గుంజిన.
ఇనుము మరీ వేడి, చేతులు మరీ తొందర.
రేపు కొత్తది పెడ్తననుకున్న.
బండి మోగింది. ఐదు వందలిచ్చిన్రు.
ఉస్తాద్‌కు చెప్పలే.

ఆ రేపుకు పదకొండేండ్లు.
ఉస్తాద్ పోయినంక ఆయన కొడుకు
అటకంతా కిలోల లెక్కన అమ్మిండు.

కింది దుకాన్ల ఎనిమిది రూపాయలు, కొత్తది.
మాడిన చోట గీకి, రాగి తేలేదాక గీకి,
బోర్డుకు ఆనకుండ జరంత ఎత్తుల నిలబెట్టిన,
వేడికి గాలి తగలాలంటుండె ఆయన.
కుడి స్పీకరు ఒక్కసారి గుటక మింగి, పాట అందుకున్నది.

ఏం పోయిందన్నా అండ్ల?
రెసిస్టర్, అన్న.
ఎవడు పీకిండో, దొంగ నా కొడుకు, అన్నడు.
అవునన్న.

పైసలు వద్దంటే ఎల్లేషు వినలే.
ఊకె చేస్తే మళ్ల చెడిపోతే అడగరాదు గదా అని
రెండు వందలు బల్ల మీద పెట్టి పోయిండు.

పొద్దు గుంకింది. మిర్చీల బండి పోయింది.
ఆ నోట్లు బల్ల మీదనే ఉన్నయి,
ఏ డబ్బాల ఎయ్యాల్నో తెలుస్తలేదు.